మా అత్త పంచిపెట్టిన మందు

నా కోపం వల్లే నా కడుపులో పుండు పడిందని మా పేట గరాచర్మలో సగంమంది అనుకున్నారు. మిగతా సగంమంది మా అత్త వల్ల అనుకున్నారు. రెండూ కాదు. అదో పురుగు. కంటికి కనపడని సూక్ష్మజీవి, పొట్ట లోపలి గోడని పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చుంటుందట. ఆ సంగతి తెలిసిన రోజున నాకు భయంతోపాటు కొంచెం గర్వం కూడా కలిగింది. "కోపం తగ్గించుకో కుమారీ, కడుపులో మంట దానివల్లే" అని ఇన్నాళ్ళూ నీతులు చెప్పినవాళ్ళ మొహాలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

ఇప్పుడు బాగానే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. నేను అండమాన్‌లో, ఈ పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టి, ఇక్కడే తెలుగు బడిలో చదువుకున్నదాన్ని. మా అమ్మాయి మౌనిక తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ రాసింది చూస్తే దిక్కులు చూస్తుంది. దానికి నేనే చదివి వినిపించాలి. మీకు మాత్రం ఒక మాట చెప్పాలని ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ పురుగుకి మందు రాసిస్తే, ముందు మా కథ వినండి.

మాది చిన్న సంసారం. ఇంటి ముందు గదిలో నా కుట్టుమిషన్, అదే నా షాపు. మా ఆయన జగ్గారావు హాడో జెట్టీలో క్రేన్ నడుపుతాడు. ఆకాశంలో కూర్చుని టన్నుల బరువు లేపే మనిషి, ఇంట్లో వాళ్ళమ్మ ఏం చెబితే అది చేస్తాడు. ఆ అమ్మే మా అత్త, పైడమ్మ. సోంపేట అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి పెళ్ళి చీరతో ఓడెక్కి హాడో క్వార్టర్స్‌కి వచ్చిన మనిషి. ఆ రోజుల్లో వాతావరణం బాగోక ఓడ రాకపోతే క్వార్టర్స్ లైన్లో ఉన్న ఆడవాళ్ళంతా ఉన్నదేదో తెచ్చి ఒకచోట పోసి పంచుకునేవారట. ఉప్పు, కిరసనాయిలు, ఆఖరికి ఒకే ఒక్క ఉల్లిపాయ ఉంటే దాన్నీ కోసి పంచుకున్నారట. ఓడలు ఇప్పుడు చాలావరకు టైముకొస్తున్నా అత్త మాత్రం అక్కడే ఉంది. ఇంట్లోకొచ్చిన ఏ వస్తువూ ఒక్కరిది కాదు. ఒక ఆపిల్ పండు తెస్తే ఇంట్లో ఎందరుంటే అన్ని ముక్కలు, ఆ టైములో కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన కుర్రాడికి కూడా ఒకటి.

సాయంత్రం ఆవిడ పద్ధతి ఇంకా చిత్రం. పెద్ద స్టీలు బేసిన్‌లో అన్నం, చేపల పులుసు కలిపి, మమ్మల్నందరినీ చుట్టూ కూర్చోబెట్టి చేతిలో ముద్దలు పెడుతుంది. అందరూ లేచాక బేసిన్‌లో మిగిలింది తింటుంది. ఆవిడకంటూ ఒక కంచం నేనెప్పుడూ చూడలేదు.

జూన్

స్కూళ్ళు తెరిచే రోజులు. మా వీధిలో ప్రతి పిల్లకీ, పిల్లాడికీ యూనిఫాం నేనే కుట్టాలి. బయట వాన ఆగదు, లోపల మిషన్ ఆగదు. అప్పటికే చాన్నాళ్ళుగా నా పొట్టలో పైన, రొమ్ముల కింద, ఒకచోట నిప్పుకణిక పెట్టినట్టు మంట. అన్నం తింటే కాసేపు చల్లారేది, ఖాళీ కడుపయితే మళ్ళీ రాజుకునేది. ఎవరికి చెప్పినా అందరిదీ ఒకటే జవాబు. గ్యాస్.

గ్యాస్ అన్నది మా దీవుల్లో రోగం కాదు, చుట్టరికం. ప్రతి ఇంట్లో ఉంటుంది. బ్లౌజు కొలతలు ఇవ్వడానికొచ్చిన ఆవిడ తన బ్యాగులోంచి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టి "దీదీ, గ్యాస్ హై, ఔర్ కుఛ్ నహీ" అని, గ్యాసే, ఇంకేం లేదని ధైర్యం చెప్పి వెళ్ళింది. నేనూ వేసుకున్నాను. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండేది. వాము నీళ్ళు తాగాను, సోడా తాగాను, కారం మానేశాను, మళ్ళీ తిన్నాను. మంట మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఒకసారి నిక్కరు జేబు తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పుతూ విసుక్కుంటుంటే అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"ఒలే కుమారీ, ఆ కోపం తగ్గించుకోయే. కడుపు కాలిపోద్ది."

"కాలేది నా కడుపు అత్తా, నీకేంటి నొప్పి?"

"నీ కడుపు వేరూ, నా కడుపు వేరూనేటి?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూలై

ఆ రోజు మధ్యాహ్నం మిషన్ మీదే కళ్ళు తిరిగాయి. లేచి బాత్రూం దాకా వెళ్ళి కక్కుకున్నాను. తడిసిన కాఫీపొడి లాంటిది. అది రక్తమని నాకు తెలీదు. అత్తకి తెలిసింది. ఎలా తెలిసిందో అడిగితే ఇప్పటికీ చెప్పదు. నన్ను జబ్బ పట్టుకుని లేపి, ఆటోని ఆపి, ఎక్కించి, నా తల ఒళ్ళో పెట్టుకుంది. దారంతా ఆటోవాడిని తిట్టింది. "అరే భయ్యా, గడ్డా దేఖ్‌కే చలావ్! బహూ హై మేరా, బోరీ నహీ!" అంటే, గుంతలు చూసి నడపరా, ఇది నా కోడలు, బస్తా కాదు అని. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది.

ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. మా ఆయనతో జెట్టీలో పనిచేసేవాళ్ళు పనిబట్టల మీదే వచ్చి రక్తం ఇచ్చి, నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా సిగ్గుపడి వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు కూడా నాకు పూర్తిగా తెలీదు. తర్వాత నోట్లోంచి గొట్టం పంపి కడుపులో చూశారు. దాని గురించి ఇంతకంటే చెప్పను, అది పడ్డవాళ్ళకి తెలుసు.

అసలు భయం నొప్పి గురించి కాదు. మా అమ్మది. నేను బడిలో ఉన్నప్పుడు మా అమ్మకీ కడుపులోనే ఏదో వచ్చింది. ఇక్కడ కాదు, మెయిన్‌ల్యాండ్‌కి తీసుకెళ్ళండి అని రిఫర్ చేశారు. హాడో జెట్టీలో నాన్న పక్కన నిలబడి ఓడెక్కిన అమ్మకి చెయ్యి ఊపాను. అమ్మ రేవులోంచే వెళ్ళింది, ఇక తిరిగి రాలేదు. అప్పట్నుంచీ "రిఫర్" అన్న మాట వింటే నాకు ఆ ఓడే గుర్తొస్తుంది. మంచం మీద పడుకుని నేను దేవుడికి ఒకటే మొక్కుకున్నాను. ఏ మందైనా ఇవ్వు, ఎంత చేదైనా ఇవ్వు, నన్ను ఆ ఓడ మాత్రం ఎక్కించకు, నా పిల్లని జెట్టీలో నిలబెట్టకు.

ఆగస్టు

కాస్త లేచి తిరగగలిగాక డాక్టరమ్మని చూడ్డానికి క్లినిక్‌కి వెళ్ళాం, అత్తా నేనూ. వరండాలో పొడుగాటి బెంచీ, దాని మీద చోటు లేదు. చౌల్దారీలో కూరలు పండించే బెంగాలీ ఆవిడ ఒకరు నా మొహం చూసి, తన సంచీ ఒళ్ళోకి తీసుకుని జరిగి చోటిచ్చింది. అందరూ ఆవిణ్ణి మాసీ, అంటే పిన్నీ, అంటున్నారు, నేనూ అదే అన్నాను. "పేట్?" అంది నా పొట్ట చూపించి. తలూపాను. తన పొట్ట చూపించుకుని, బెంచీ చివరిదాకా చెయ్యి ఊపింది, ఇక్కడ అందరిదీ అదే అన్నట్టు.

డాక్టరమ్మది కేరళ. హిందీలోనే మాట్లాడుతుంది, నేను తెలుగులో రాస్తున్నాను.

"నీ కడుపులో పుండుకి కారణం ఒక బాక్టీరియా," అంది. "భయపడకు, ఇది వింత రోగం కాదు. కడుపునొప్పని నా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామందికి ఇదే కనిపిస్తుంది. చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళ దగ్గర అంటుకుంటుంది. ఎక్కువమందిని ఏమీ చెయ్యదు. కొందరికే నీలాగా పుండు పడుతుంది."

"అంటే కోపం వల్ల కాదా మేడమ్?"

"కోపం వల్లయితే నాకెప్పుడో పడాలి," అంది డాక్టరమ్మ. అక్కడే ఆవిడంటే ఇష్టం పుట్టేసింది నాకు.

వెనక నిలబడ్డ అత్త అడిగింది, "ఇంట్లో అందరికీ ఉంటాదేటి?" నేను హిందీలో చెప్పాను. ఉండొచ్చు, కానీ అందరికీ మందు అక్కర్లేదు, ముందు ఈవిడ కోర్సు పూర్తి చెయ్యాలి, ఒక్క పూట కూడా మానకూడదు అంది. అత్త బుద్ధిగా తలాడించింది.

మందుల షాపులో ఆ కోర్సు బిళ్ళలన్నీ కలిపి ఉన్న కిట్ ఒక్కటే మిగిలింది. "మిగతా స్టాక్ ఓడలో ఉంది దీదీ, సముద్రం బాగోలేదు, ఎప్పుడొస్తుందో తెలీదు," అన్నాడు షాపతను. ఉన్న ఒక్కటీ నాకే దొరికిందని నేను సంతోషపడ్డాను. అత్త మొహంలో మాత్రం ఏదో ఆలోచన. ఒకటే ఉంది, ఓడ రాలేదు, అందరికీ కావాలి. ఈ మూడూ కలిస్తే మా అత్త బుర్రలో ఏమవుతుందో నేను అప్పుడే పసిగట్టాల్సింది.

పొద్దునా సాయంత్రం ఆవిడే నా అరచేతిలో బిళ్ళలు పోసేది, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడేది. నేను నీరసంగా ఉన్నాను, ఏది ఏమిటో చూసుకునే ఓపిక లేదు. చేతినిండా బిళ్ళలున్నాయి, మింగాను. ఆ రోజుల్లో అత్త చేసిన సేవ గురించి రాయాలంటే పేజీలు చాలవు. కారం లేని పప్పు, మెత్తగా ఉడికిన జావ. నేను ఒక్కదాన్నే చప్పిడి తింటే బాధపడతానని ఇంట్లో అందరికీ చప్పిడే వండింది. పాపం మా ఆయన చేప ముక్క వంక చూసి నిట్టూర్చి తిన్నాడు. షాపులో ఆవిడే కూర్చుని, వచ్చినవాళ్ళకి "కోడలుకి బాగోనేదు, తర్వాత రా, ఇంకెక్కడికీ ఎల్లకు" అని చెప్పి పంపేది. ఒక్క గిరాకీ కూడా పోలేదు.

అక్టోబరు

దసరా వెళ్ళాక మంట మళ్ళీ మొదలైంది. మొదట నమ్మలేదు. అన్నం తిని చూశాను, చల్లారింది. ఖాళీ కడుపుతో ఉండి చూశాను, రాజుకుంది. అదే నిప్పుకణిక, అదే చోట. మిషన్ ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించలేకపోయాను.

డాక్టరమ్మ గ్యాస్ బిళ్ళలు కొన్నాళ్ళు మాన్పించి మలం పరీక్ష చేయించింది. ఆ చిన్న డబ్బా పట్టుకుని బస్సులో కూర్చున్న సంగతి మా అమ్మాయికి చదివి వినిపించేటప్పుడు వదిలేస్తాను. రిపోర్టు వచ్చిన రోజు మళ్ళీ అదే బెంచీ. చౌల్దారీ మాసీ కూడా ఉంది. నన్ను చూసి సంతోషపడి, అంతలోనే నేను ఎందుకొచ్చానో అర్థమై మొహం దించుకుంది. తనూ అందుకే వచ్చింది మరి.

డాక్టరమ్మ రిపోర్టు చదివి కళ్ళద్దాలు తీసింది.

"పురుగు పోలేదు. కోర్సు పూర్తిగా వాడావా?"

"వాడాను మేడమ్. ఒక్క పూట తప్పలేదు."

"అయితే ఇది మొండి రకం. ఈమధ్య చాలామందికి ఇలాగే అవుతోంది. నీకు ఒకసారి రక్తం పోయింది, మళ్ళీ పోతే ప్రమాదం. చెన్నైకి రిఫర్ చేస్తాను, అక్కడ..."

తర్వాత ఏమందో నాకు వినపడలేదు. హాడో జెట్టీ కనపడింది, అమ్మ కనపడింది, ఆ పక్కనే మౌనిక కనపడింది. కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి మా అత్త గొంతు. తలుపు సగం తెరిచే ఉంది, బెంచీ మీద వాళ్ళందరికీ వినపడేంత పెద్దగా.

"డాక్టరమ్మా, సునో. ఇస్నే పూరా దవా నహీ ఖాయా. హమ్ బాంట్ దియా."

అంటే, ఇది మందు పూర్తిగా తినలేదు, నేను పంచేశాను అని.

నేను వెనక్కి తిరిగి చూశాను. "ఏంటత్తా అంటున్నావు?"

"పొద్దుటి బిళ్ళలు నీకే ఏసినానే. సాయంత్రానివి ఓ రోజు నీ మొగుడికి, ఓ రోజు హాడోలో మీ ఆడబడుచుకి. బస్సెక్కి ఎల్లి ఇచ్చొచ్చినాను. మన మౌనిక గుంటకి ఇవ్వనేదు, చిన్న పేగులు, కాలిపోతాయని."

"మరి సాయంత్రం నా చేతిలో పోసినవేంటి?"

"రక్తం పట్టడానికి ఆసుపత్రోళ్ళు ఇచ్చిన బిళ్ళలు. చెయ్యి నిండుగా కనపడకపోతే నువ్వు అడుగుతావని..." అని ఆగి, డాక్టరమ్మ వైపు తిరిగింది. "అందరికీ ఉంటాదన్నావు కదమ్మా. దీని ఒక్కదాని కడుపులో చంపితే మిగతావోళ్ళ కడుపులోంచి మళ్ళీ రాదేటి? మందు ఒకటే ఉంది. ఓడ రానేదు. ఓడ వచ్చీవరకూ అందరం సర్దుకుందామని పంచినాను. తప్పు నాది. దీన్ని ఎక్కడికీ పంపకు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో ఆవిడ మీద నాకు ప్రేమా లేదు, దోమా లేదు. నా ప్రాణం తీసి ముక్కలు కోసి పంచిందే అనిపించింది.

నేను అనువదించేదాకా డాక్టరమ్మ ఆగలేదు, ఆవిడకి అర్థమైపోయింది. "మీరు?" అని అడిగింది అత్తని. "మీరెన్ని వేసుకున్నారు?"

అత్త ఆ ప్రశ్నకే ఆశ్చర్యపోయింది. "నాకేటి? ముసల్దాన్ని. మీకే సరిపోనేదు, నాకెక్కడివి?"

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి తలుపు పూర్తిగా తీసి వరండాలోకి వెళ్ళింది. బెంచీ మీదవాళ్ళు ఎలాగూ అంతా వినే ఉన్నారు. "మీలో ఇంకెవరైనా ఈ కిట్ ఇంట్లో పంచుకున్నారా? ఏమీ అనను, నిజం చెప్పండి," అంది.

మా అత్త గుమ్మంలో నిలబడి బెంచీ వంక చూసింది, నేను చెప్పాను కదా, మీకేం రోగం అన్నట్టు. అప్పుడు చౌల్దారీ మాసీ ఒళ్ళో సంచీ కింద నుంచి చెయ్యి తీసి, మెల్లగా భుజం దాకా ఎత్తింది. వాళ్ళాయనకి సగం ఇచ్చిందట. తర్వాత మూల కూర్చున్న తాతగారు. తర్వాత బిడ్డనెత్తుకున్న ఒకమ్మాయి. తర్వాత ఇంకో ఇద్దరో ముగ్గురో. అందరూ తలలు దించుకుని చేతులెత్తారు. డాక్టరమ్మ నవ్వాలో ఏడవాలో తెలీనట్టు నుదురు రుద్దుకుంది. "ఇన్నాళ్ళూ నేను పురుగుని తిడుతున్నాను," అంది.

తర్వాత ఆవిడ గుమ్మంలోనే నిలబడి అందరికీ కలిపి చెప్పింది. సగం మందుకి ఈ పురుగు చావదు, ఆ మందుని ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. ఒకరి మందు మొత్తం ఒకరి కడుపులోకే వెళ్ళాలి. మిగతావాళ్ళకి నొప్పుంటే వాళ్ళూ రావాలి, పరీక్ష చేసి అవసరమైతే వాళ్ళ మందు వాళ్ళకి ఇస్తాను. అత్త వైపు చూసి "మీరు అడిగిన ప్రశ్న మంచిదే అమ్మా, పంచడమే తప్పయింది," అంది. నాకు చెన్నై అక్కర్లేదు, ఇంకో రకం మందుతో ఇక్కడే మళ్ళీ పూర్తి కోర్సు చేద్దాం అంది. ఆ మందు ఓడ మీద వచ్చేదాకా పుండు మళ్ళీ రక్తం కక్కకుండా వేరే బిళ్ళ రాసిచ్చింది.

ఇంటికొచ్చే బస్సులో నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. అత్త ఉండలేకపోయింది.

"తిట్టీయే. లోపల పెట్టుకోకు. మళ్ళీ పుండు పడిపోద్ది."

"పుండు పురుగు వల్ల పడింది! కోపం వల్ల కాదు! డాక్టరమ్మ చెప్పింది!" అని అరిచాను. బస్సంతా వెనక్కి తిరిగింది. కండక్టర్ "దీదీ, ఆరామ్ సే" అని సముదాయించాడు. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వకూడదని చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

ఆ తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. ఆవిడ నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. పురుగు మొండిదని అందరం నమ్మేవాళ్ళం, నేను ఓడెక్కేదాన్ని, ఆవిడ జెట్టీలో నిలబడి ఏడ్చేది, అందరూ పాపం మంచి అత్త అనేవారు. కోడలి ముందు, డాక్టరు ముందు, ముక్కూ మొహం తెలీనివాళ్ళ ముందు, తప్పు నాది అని అంత గట్టిగా చెప్పడం నావల్ల అవుతుందా? అవదు. నాకు నోరుంది గానీ అంత గుండె లేదు. ఈ ఒక్క విషయంలో మా అత్త కాళ్ళకి దండం పెట్టొచ్చు. పెట్టలేదనుకోండి, పెడితే నెత్తికెక్కుతుంది.

నవంబరు

కొత్త మందు ఓడ మీద వచ్చింది. ఈసారి అత్త దాన్ని ముట్టుకోలేదు. "నువ్వే విప్పు, నువ్వే చూసుకో, నా చేతికి ఇవ్వకు. అలవాటు పడిన చెయ్యి," అంది. ఎదురుగా కూర్చుని నేను మింగేదాకా నా గొంతు వంకే చూసేది. ఈ మందు ముందుదానికంటే కష్టం. నోట్లో రోజంతా తుప్పు రుచి, అన్నం పెట్టుకుంటే వికారం. మానేస్తానని ఒకసారి విసిరికొట్టబోయాను. అత్త కళ్ళాపి చల్లేదానిలా కిందికి వంగి రెండు చేతులూ చాపింది, ఎక్కడ పడితే అక్కడ పట్టుకుందామని. ఆ చేతులు చూసి ఇంకేం విసరను, మింగాను.

బేసిన్ అటకెక్కింది. ఎవరి కంచం వాళ్ళది, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తినడం. అదంతా పెట్టింది అత్తే. కానీ సాయంత్రం అయ్యేసరికి ఆవిడ కుడి చేతికి ఏం చెయ్యాలో తెలిసేది కాదు. గరిటె పట్టుకుని మా కంచాల చుట్టూ తిరిగేది. మౌనిక ఒకరోజు "నాన్నమ్మా, ఒక్క ముద్ద పెట్టవా" అని నోరు తెరిచింది. అత్త చెయ్యి ముందుకెళ్ళి, ఆగి, దాని తల నిమిరి వెనక్కొచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. నోట్లో తుప్పుకి ఏడుస్తున్నాననుకున్నారు.

చౌల్దారీ మాసీ తన మందు తను వేసుకుంటూ, బస్సు కండక్టర్ చేత మాకొక సొరకాయ పంపింది, కారం లేకుండా వండుకోండి అని కబురుతో. అత్త దాన్ని కోసి సగం పక్కింటికి పంపింది. సొరకాయ పంచొచ్చు కదా అని నన్ను అడిగి మరీ పంపింది.

జనవరి

మళ్ళీ డబ్బా, మళ్ళీ బస్సు, మళ్ళీ బెంచీ. డాక్టరమ్మ రిపోర్టు తిరగేసి నా వైపు తోసింది. పురుగు లేదు.

అత్తని ఇంటికి బస్సెక్కించి, క్లినిక్ నుంచి తిన్నగా హాడో వెళ్ళాను, మా ఆయనకి చెప్పాలని. జెట్టీలో మెయిన్‌ల్యాండ్ ఓడ బయల్దేరుతోంది. గేటు దగ్గర నిలబడి అది కదిలి, తిరిగి, రేవు దాటేదాకా చూశాను. నేను అందులో లేను. ఆ ఒక్క సంగతి నాలో నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. తర్వాత అక్కడే నిలబడి మా అమ్మ కోసం ఏడ్చాను, చిన్నప్పుడు ఏడవాల్సింది కూడా కలిపి. మా ఆయన క్రేన్ దిగి పరిగెత్తుకొచ్చి "ఏమైంది, ఏమైంది" అని కంగారుపడ్డాడు. "పోయింది బావా," అన్నాను. పాపం ఇంకేదో అనుకుని తెల్లబోయాడు. పురుగు పోయిందని చెప్పేదాకా ఊపిరి తీసుకోలేదు.

ఇక మిగిలింది అత్త. రిపోర్టు ఇచ్చిన రోజే డాక్టరమ్మ "ఇప్పుడు మీ వంతు అమ్మా" అంది. అత్త నవ్వేసింది. కానీ నేను గమనిస్తున్నాను, నా కళ్ళు అప్పటికి తెరుచుకున్నాయి. వంటింటి గట్టు అంచుకి పొట్ట అదిమిపెట్టి నిలబడుతుంది. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు రెండు వేళ్ళు అదే చోట పెట్టుకుంటుంది, రొమ్ముల కింద, నాకు నిప్పుకణిక ఉండిన చోటే. కాఫీపొడి లాంటిది చూడగానే రక్తమని ఎలా తెలిసిందో కూడా అప్పుడు నాకు అర్థమైంది. ఎప్పుడో తనూ కక్కుకుంది, ఎవరికీ చెప్పలేదు. నేను తిట్టాను, ఈసారి నిజంగా తిట్టాను, ఈడ్చుకెళ్ళి పరీక్ష చేయించాను. పురుగుంది, పుండూ ఉంది. అదృష్టం, అంతకంటే పెద్దదేమీ లేదు.

మందు తెచ్చి బల్ల మీద పెట్టాను. అత్త ఆ పెట్టెని రెండు చేతుల్తో తీసుకుని, మూత తెరిచి, లోపల వరసగా ఉన్న అట్టలు చూసింది.

"ఇదంతా నాకేనేటి?"

"నీకే."

"నీ ఆడబడుచుకి మొన్న కూడా నొప్పన్నాది..."

"తను వెళ్ళి చూపించుకుంటుంది. ఇది నీది అత్తా. మొత్తం నీదే. ఒక్కటి అటూ ఇటూ అయినా ఊరుకోను."

కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏదైనా మొత్తంగా నాకే అంటే, సిగ్గేస్తాది కుమారీ," అంది.

నేను ఆ పూట బిళ్ళలు విప్పి ఆవిడ అరచేతిలో పోశాను, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. అత్త చెయ్యి మూయకుండా ఒకసారి మా ఆయన వంక చూసింది, మౌనిక వంక చూసింది, నా వంక చూసింది, ఎవరికైనా కావాలేమోనని. ఎవరం చెయ్యి చాపలేదు. అప్పుడు మింగింది.